కాలువ కట్టిన దినములలో ఉమ్మడి పెరడు

బెజవాడ సోదరీమణులకు నీటి పొదుపునుగూర్చి చెప్పబూనుట కొందఱికి వింతగా తోచవచ్చును. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవసు కాలువ ఊరి నడుమనే పాఱుచున్నవి. 1855లో పూర్తియైన ఆనకట్టయు, దాని స్థానమున 1957లో వెలసిన ప్రకాశము బారేజియు ఈ సీమకు అన్నము పెట్టినవి. అయినను వేసవిలో కాలువలు కట్టివేయుదురు. ఎగువ వానలు తప్పిన యేట కృష్ణలోనే నీరు తక్కువ. అట్టి దినములలో వీధికుళాయి యెదుట బిందెలు బారులుతీరుట మన మెఱుగనిది కాదు.

మేము కొన్ని యిండ్లవారము కలిసి, బందరు కాలువకు దాపుననున్న యొక ఖాళీస్థలమున కూరతోట వేసితిమి. మొదటి వేసవిలో మాకు జరిగినది పరాభవమే. ప్రతిదినమును ప్రొద్దుటిపూట మొక్కకొక చెంబెడు నీళ్ళు చల్లుచుంటిమి. పైన తడి, లోపల పొడి. తడి పైననే యుండుటచే వేళ్ళు లోతునకు దిగక, రోహిణికార్తె యెండకు మొక్కలన్నియు మాడిపోయినవి. అంతకన్న సిగ్గుపడవలసిన సంగతి మఱియొకటి. నీళ్ళు మోసినది మోటారున్న యిండ్లవారు కారు. కుళాయివద్ద నిలువబడి తెచ్చుకొను నలుగురు స్త్రీలే తోటకును మోసిరి. వారిలో నొకామె ఒకనాడు బిందె దింపి, "అక్కయ్యగారూ, బెండకాయలు బజార్లో దొరుకుతాయి. నా నడుము దొరుకుతుందా?" అనెను. మాకు సమాధానము తోచలేదు.

మఱుసటియేడు మేము బిందెతో గాక నేలతో ఆరంభించితిమి. ఈ విద్య మన డెల్టాకు క్రొత్తది కాదు. మాగాణులలో వరి కోయుటకు రెండుమూడు దినములు ముందుగా, నిలిచియున్న చేలోనే మినుములు చల్లుదురు. కోత యైన పిదప ఆ పైరు నేలలో మిగిలిన తేమతోను, మంచుతోను పెరిగి పండును. వేఱుగా నీరు కట్టుట యరుదు. మనము దినదినము రుబ్బు పప్పు వెనుక నింత నేర్పున్నదని మేమైతే అంతవఱకు తలపోయలేదు.

నల్లమట్టి యెండకు నెఱియలు వాఱును. ఆ నెఱియలనుండి లోపలి తేమ యావిరియై పోవును. కనుక మళ్ళలో మాగిన పెంట కలిపి, పైన నాలుగంగుళముల మందమున వరిగడ్డి పఱచితిమి. మొక్క మొదటికి తగులకుండ బెత్తెడు చోటు విడువవలెను. లేనిచో మొదలు క్రుళ్ళును. చెద పట్టుచున్నదేమో అప్పుడప్పుడు గడ్డి నెత్తి చూడవలెను. నీరు ప్రతిదినమును గాక, మూడు నాలుగు దినముల కొకమాఱు సాయంకాలమున, జానెడు లోతు తడియునట్లు పోసితిమి.

తీగెలకు మాత్రము కుండలు పాతితిమి. చీనాదేశమున రెండువేల యేండ్లకు పూర్వము ఫాన్ షెంగ్‌జి యనునతడు వ్రాసిన వ్యవసాయ గ్రంథమునందే ఈ పద్ధతి కలదు. మెఱుగు పూయని మట్టికుండను మెడవఱకు పాతి, నీరు నింపి, మూకుడు మూసి, చుట్టును దోస, బీర గింజలు నాటవలెను. నేల యెండినకొలది కుండ చెమర్చును; తడిసియున్నచో ఊరకుండును. మూకుడు మఱవరాదు; మఱచినచో దోమలకు మనమే పురుడు పోసినట్లగును. నీరు చల్లబఱచుట మానిన పాత కుండ యిందుకు పనికిరాదు, దాని సన్నని రంధ్రములు పూడిపోయినవన్నమాట. మొలక వేళ్ళు కుండను చేరువఱకు కొలదిగా చేతితో నీళ్ళు పోయక తప్పదు.

నడివేసవిలో క్రొత్తగా ఆకుకూరలు చల్లుట మానితిమి. తాటాకు పందిరి నీడను తోటకూర మాత్ర ముంచితిమి. గోరుచిక్కుడు ఎండకు బాగుగ నోర్చినది. బియ్యము, పప్పు కడిగిన నీళ్ళు ఏ మొక్కకైనను మంచివే. సబ్బునీళ్ళు, ఊరగాయ జాడీలు కడిగిన ఉప్పునీళ్ళు కూరమళ్ళకు పోయరాదు. బందరు, దివిసీమల వైపు ఉప్పుబావులున్న సోదరీమణులు ఇంకను జాగ్రత్త వహింపవలెను: చిక్కుడుజాతి ఉప్పును సహింపదు, పాలకూర కొంత యోర్చును.

ఇక మోతమాట. ఇంట త్రాగునీరు నిండకముందు కుళాయిబిందె తోటకు రాగూడదని మొదటి నియమము. ఎవరి వంటింటి కడుగునీళ్ళు వారే తేవలెను, పనిమనిషిచేత పంపరాదని రెండవది. మోటారున్న రెండిండ్లవారు కుండలు నింపుటకు గొట్టము ద్వారా నీరీయవలెను. కోసిన కూర మోసినవారికి ముందు. రెండవ నియమమునకు కొందఱు నొచ్చుకొనిరి. ఒకరు తోటకు రాకడయే మానిరి. అయినను మేము సడలింపలేదు. సడలించినచో తోట మరల ఆ నలుగురి నడుములపై పడును.

మిగిలిన సగము స్థలమును ఎండగట్టి విడుచుటకు మనసొప్పలేదు. 2016 నుండి మన రాష్ట్రమున రైతు సాధికార సంస్థవారు స్త్రీల పొదుపు సంఘముల తోడ్పాటుతో ప్రకృతి వ్యవసాయమును వ్యాపింపజేయుచున్నారు. తొలకరికి ముందే పలురకముల గింజలకు మట్టి, పేడ, బూడిద పట్టించి పొడినేలలో చల్లుట వారి పద్ధతులలో నొకటి. 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమానము మువ్వురికి పంచబడగా, ఈ ఉద్యమ మందొకటి. పల్లెపొలములలో చెల్లినది వీధితోటలో చెల్లదా యని మేమును జొన్న, పెసర, అలసంద, నువ్వులు, గోంగూర గింజలను అట్లే ఉండలు చేసి చల్లి, పైన పలుచగా గడ్డి కప్పితిమి. మూడు వారములు ఏమియు కనబడలేదు. పిచ్చుకలు కొన్ని తినిపోయినవి. ఒక సాయంకాలము గాలివాన కురిసిన నాలుగవనాడు గడ్డిసందులనుండి పచ్చని మొనలు తలయెత్తినవి. మావైపునుండి వానికి ఒక్క బిందె నీరును పోయలేదు.

మృగశిర వెళ్ళిన పిదప కుండలు తీసి, కడిగి, నీడను బోరగిలించితిమి. రెండు పగిలినవి. ఆ పెంకులను గోంగూరమడి గట్టునకు ఊతగా నాటి, వచ్చు వేసవికి నాలుగు క్రొత్తకుండలు కుమ్మరికి చెప్పియుంచితిమి.