కొంగ గూట్లో మూడో పిల్ల

దుక్కి దున్నే ట్రాక్టరు వెనకాల అడుగులో అడుగు వేసుకుంటూ నడిచే తెల్లకొంగను చూసి నోట్లో నాలుక లేని పక్షి అనుకుంటాం. వానలు పడ్డాక అవే కొంగలు గూళ్లు కట్టిన చింతచెట్టు కిందికి వెళ్లి నిలబడండి. గొంతుకు అడ్డం పడ్డట్టు గరగరలు, ముక్కుల టకటకలు, పైనుంచి రెట్టల జల్లు. గొడుగు తీసుకెళ్లడం ఉత్తమం.

వేషం కూడా మారిపోయి ఉంటుంది. తల, మెడ, వీపు మీద నారింజరంగు ఈకలు వస్తాయి. జతకట్టే కొద్దిరోజులు పసుపు ముక్కు ఎర్రబారుతుంది. మట్టిరంగులో గట్టున కలిసిపోయే గుడ్డికొంగ వీపు ముదురు మెరూన్ అవుతుంది. మగది పుల్లలు మోసుకొస్తుంది, ఆడది అమరుస్తుంది. గూడు వదిలి పోతే పక్కింటివాళ్లు పుల్లలు లాగేసుకుంటారు కాబట్టి కాపలా తప్పదు.

గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులోనూ, నేలపట్టు పక్షుల అభయారణ్యంలోనూ చెట్లు నీళ్లలో నిలిచి ఉంటాయి. పిల్లులు, కుక్కలు అక్కడికి రాలేవు. నేలపట్టులో గూళ్ల సందడి అక్టోబరు తర్వాత, ఈశాన్య రుతుపవనాల వానతో మొదలవుతుంది. కప్పలు, చేపపిల్లలు దండిగా దొరికే కాలానికి పిల్లలు గూట్లో ఉండాలి మరి.

అసలు కథ గుడ్లతో మొదలవుతుంది. కోడి గుడ్లన్నీ పెట్టాకే పొదుగుతుంది, పిల్లలన్నీ ఇంచుమించు ఒకేసారి బయటికొస్తాయి. కొంగ అలా ఆగదు. సుమారు రోజు విడిచి రోజు గుడ్డు పెడుతూ, మొదటి గుడ్డు నుంచే కూర్చుంటుంది. మూడు వారాలు దాటాక పెద్దపిల్ల ముందు వస్తుంది, మూడోది వచ్చేసరికి దానికి నాలుగు రోజుల వయసు. ఆ వయసులో నాలుగు రోజులంటే బరువులో ఎంతో తేడా.

బైనాక్యులర్స్‌తో ఒకే గూటిని పట్టుకుని చూడాలి. తల్లో తండ్రో వచ్చి వాలగానే పిల్ల దాని ముక్కును కత్తెరలా అడ్డంగా పట్టి కిందికి గుంజుతుంది. అప్పుడు పెద్దపక్షి గొంతులోంచి మిడతలు, కప్పల ముద్ద కక్కుతుంది. ముందు గుంజినవాడిదే ముద్ద. చిన్నది మెడ చాచిందా, పెద్దది నెత్తిన పొడుస్తుంది. కన్నవాళ్లు పక్కనే నిలబడి ఈకలు సవరించుకుంటూ ఉంటారు. తగవు తీర్చడం దాదాపు ఎన్నడూ కనబడదు. తిండి చాలని ఏడు చిన్నది ఆకలితోనో దెబ్బలతోనో పోతుంది.

నిర్దయ అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ బ్రిటిష్ పక్షిశాస్త్రవేత్త డేవిడ్ లాక్ ఇందులో లెక్క చూశాడు. గుడ్లు పెట్టేనాటికి వానలెలా ఉంటాయో కొంగకు తెలియదు. పిల్లలన్నీ సమానమైతే కరువులో అన్నీ చిక్కిపోతాయి. వయసు తేడా ఉంటే పెద్దవైనా బతుకుతాయి, తిండి దండిగా ఉంటే చిన్నదీ గట్టెక్కుతుంది.

ఈ పక్షపాతం గుడ్డులోనే మొదలవుతుందని 1997లో హ్యూబర్ట్ ష్వాబుల్, డగ్లస్ మాక్ బృందం నేచర్ పత్రికలో చూపించింది. పశువుల వెంట తిరిగే ఈ కొంగలోనే, ముందు పెట్టిన గుడ్ల పచ్చసొనలో మగ హార్మోన్లు మూడో గుడ్డు కంటే బాగా ఎక్కువ. పోట్లాటకు సరంజామా తల్లే సర్ది పంపుతుందన్నమాట.

మాక్ అంతకుముందు టెక్సస్‌లో ఇంకో తమాషా చేశాడు. పెద్ద తెల్లకొంగ పిల్లలు కలహప్రియులు, అక్కడి నీలికొంగ పిల్లలు అంతకంటే నెమ్మది. నీలికొంగ తెచ్చే చేప పెద్దది, ఒక్క పిల్ల నోట పట్టదు. గూళ్లు మార్చి చూస్తే, తెల్లకొంగ గూట్లో చిన్నచిన్న చేపలకు అలవాటుపడ్డ నీలికొంగ పిల్లలూ పొడుచుకోవడం మొదలెట్టాయి. తెల్లకొంగ పిల్లలు మాత్రం ఏ ఇంట పెరిగినా మారలేదు!

చూడటానికి వెళితే దూరం నుంచే చూడండి. మనిషి దగ్గరికొస్తే పిల్లలు బెదిరి తిన్నది కక్కేస్తాయి, పట్టు తప్పి కిందపడతాయి. పెద్దవి లేచిపోతే గుడ్లు ఎండకు మాడతాయి, కాకులకు చిక్కుతాయి. రెండు వారాలు గడిస్తే పిల్లలు గూడు దాటి కొమ్మల మీదికి ఎక్కుతాయి. మూడోది బతికిందో లేదో అప్పుడు కిందినుంచే లెక్కపెట్టవచ్చు.