దోమల లెక్కకు దీపపు ఎర

మలేరియా దోమకాటు వలన వచ్చునని నేడు పల్లెటూరి బాలునికి సైతము తెలియును. అయితే ఒక గ్రామమున ఆ జ్వరమును మోయు దోమలు ఎన్ని కలవు, అవి ఏ వేళ కుట్టుచున్నవి, ఇంటిలోపలనా వెలుపలనా, గోడలకు చల్లిన మందు వానిపై పనిచేయుచున్నదా అను ప్రశ్నలకు సమాధానము చెప్పవలెనన్నచో ఊహ చాలదు. దోమలను పట్టి చూడవలెను.

చిరకాలముగా ప్రమాణముగా నిలిచిన పద్ధతిలో మనిషియే ఎర. సాయంకాలము మొదలు తెల్లవాఱువఱకు ఒకడు మోకాళ్లదాక బట్ట మడచి కూర్చుండి, కాలిపై వాలిన దోమను, అది తొండము గ్రుచ్చకమునుపే టార్చిలైటు వెలుగున కనిపెట్టి, పీల్చు గొట్టముతో లాగి, చిన్న గిన్నెలో బంధించును. మనిషిని వెదకివచ్చిన దోమలే లెక్కకు వచ్చును గనుక ఈ పద్ధతికి విలువ హెచ్చు. కాని నిద్రలేమిచే బడలిన కన్ను ఒక్కసారి ఏమఱినను కాటు తప్పదు. ఈ పని చేయువారికి ముందుగా మలేరియా నివారణకు మందులిచ్చుట కలదు. అయినను కొన్ని తావుల మలేరియా క్రిములు మందులకు లొంగకున్నవి. డెంగీ వంటి ఇతర వ్యాధులకు ఆ మందులు రక్షణ కాజాలవు. పరుల మేలుకొఱకైనను, కూలికి వచ్చిన పేదవాని దేహమును కాటుకు ఒడ్డుట ధర్మముగాదు.

ఈ చిక్కునకు ఒక పరిష్కారము 1962లో అమెరికాలో సడియా, చాంబర్లెయిన్ అనువారు వెలయించిన చిన్న దీపపు ఎర. బ్యాటరీతో వెలుగు చిన్న బల్బు, దాని క్రింద తిరుగు పంకా, పంకా క్రింద వ్రేలాడు వలసంచి: ఇంతే దాని నిర్మాణము. ఇంటిలో ఒకడు దోమతెరలో నిద్రించుచుండగా, మంచము కాళ్లవైపున, తెరకు వెలుపల, నేలకు ఇంచుమించు మీటరున్నర యెత్తున దీనిని వ్రేలాడదీయుదురు. నిద్రించువాని ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును, చెమటవాసనయు, దేహపు వేడియు దోమను రప్పించును. తెర దానిని అడ్డగించును. దారికై చుట్టును తిరుగాడు దోమ దీపము చెంతకు రాగానే పంకా గాలి దానిని సంచిలోనికి ఈడ్చివేయును. టాంజానియాలోని ముహేజా ప్రాంతమున లైన్స్, కర్టిస్ మున్నగువారు రెండు పద్ధతులను పోల్చిచూచి 1991లో ప్రకటించిన ఫలితము ప్రకారము, మూడు దీపపు ఎరలు పట్టిన దోమలు ఇద్దరు మనుషులు పట్టినవానికి ఇంచుమించు సమానము. ఈ నిష్పత్తి అన్ని దేశములకును అన్ని జాతులకును ఒకే తీరున వర్తింపదు గావున, క్రొత్త తావున ముందుగా సరిచూచుకొనుట అవసరము. వెచ్చని నల్లడబ్బా చెంతకు పశువు వాసననో మనిషి వాసననో గొట్టముద్వారా పంపి, వాలిన దోమ జిగురుకు అంటుకొనునట్లు చేయు మఱియొక ఎరను బుర్కినా ఫాసోలో ప్రయోగించిరి.

మనదేశపు మైదానములలో మలేరియాను మోయు అనాఫిలిస్ క్యులిసిఫేసీస్ అను దోమ పశువుల కొట్టములలో విశ్రమించును. మలేరియా సిబ్బంది వేకువజామున టార్చిలైటును పీల్చు గొట్టమును చేబూని కొట్టపు గోడలను చూరులను వెదకుదురు. ఒక మనిషి ఒక గంటలో పట్టిన సంఖ్యయే అచ్చట కొలత. తూర్పుకనుమల సెలయేళ్లలో పెరుగు అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ అను దోమ మనిషి రక్తమునే మిక్కిలి కోరును గావున, కొట్టమును మాత్రమే వెదకి మన్యమున దోమలు లేవనుట పొరపాటు.

పట్టిన దోమ చెప్పు సంగతులు సంఖ్యతో ముగియవు. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపుగోడలో మలేరియా క్రిమిని కనుగొన్నది దోమను కోసి చూచియే. నేటికిని సూక్ష్మదర్శిని క్రింద దోమ అండాశయమును పరికింతురు: దానిని అల్లుకొన్న సన్నని గాలిగొట్టముల కొనలు ముడిచుట్టుకొని యున్నచో అది ఇంకను గ్రుడ్లు పెట్టని పడుచుదోమ, ముడులు విడి చాగియున్నచో ఒకసారియైనను గ్రుడ్లు పెట్టిన ముదిదోమ. దోమ దేహమున క్రిమి పెరిగి లాలాజలగ్రంథులను చేరుటకు సుమారు పది పదునాలుగు దినములు పట్టును గనుక, అంతకాలము బ్రతికిన దోమయే జ్వరమును పంచగలదు. మందు చల్లిన ఊరిలో ముదిదోమల పాలు తగ్గినచో మందు పారినట్లు. తగ్గనిచో మందునైనను మార్చవలెను, పద్ధతినైనను మార్చవలెను.

మలేరియా సిబ్బంది మీ యింట ఒక రాత్రి దీపపు ఎరను వ్రేలాడదీయుదుమని వచ్చినప్పుడు, పాఠకులారా, సందేహింపక చోటిండు. ఆ రాత్రి దోమతెరను చక్కగా దోపుకొని నిద్రింపుడు. తెల్లవాఱినపిమ్మట వారు వచ్చి సంచిమూతి బిగించువఱకు పంకాను ఆపకుడు. మీ ఊరికి ఏ మందు, ఏ కాలమున, ఎచ్చట కావలెనో ఆ సంచిలోని దోమలే నిర్ణయించును.