ఐకాన్ పోయినా ఆనవాళ్ళు పోలేదు

కంఠేశ్వర్‌లో మా ఇంటి ముందుగదే నా టైపింగ్ షాపు. ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్. శుభలేఖలు, బయోడేటాలు, ఆన్‌లైన్ దరఖాస్తులు... పిల్లల ఫీజులు వెళ్ళేది దీని మీదే.

ఆమధ్య ఓ మధ్యాహ్నం బోధన్ నుంచి తల్లీకూతుళ్ళు వచ్చారు. డిగ్రీ సీటు కోసం గిరిరాజ్ కాలేజీ చూసుకుని అటునుంచి అటే వచ్చారట. "అక్కా, దోస్త్‌ల ఆప్షన్లు పెట్టాలె. ఇయ్యాలనే ఆఖరు" అంది ఆ పిల్ల, కాగితం మీద వరసగా రాసుకొచ్చిన కాలేజీల పేర్లు చూపిస్తూ.

తీరా చూస్తే నెట్ రాదు! మోడెమ్ ఆపి మళ్ళీ వేశాను. అదే వైఫైతో నా సెల్‌ఫోన్‌లో అన్నీ వస్తున్నాయి. కంప్యూటర్లో మాత్రం 'ప్రాక్సీ సర్వర్ అందుబాటులో లేదు' అంటోంది. "జర చూడు బిడ్డా, బస్సు టైమైతాంది" అని ఆ తల్లి. నాకు చెమటలు పట్టేశాయి.

అప్పుడు గుర్తొచ్చింది, ముందురోజు రాత్రి నేను చేసిన ఘనకార్యం. ప్రకటనలు ఆపుతుందని మా అబ్బాయి ఏదో ఉచిత సాఫ్ట్‌వేర్ వేశాడు. కంప్యూటర్ మందగించిందని దాన్ని బలవంతంగా ఆపేసి, ఫోల్డర్ మొత్తం డిలీట్ చేసి, ఐకాన్ కూడా చెత్తబుట్టలో పడేశాను. పీడ వదిలిందనుకున్నాను.

హైదరాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్న మా ఆడపడుచు కొడుక్కి ఫోన్ చేశాను. "అత్తా, సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, అందులో ప్రాక్సీ తెరువు. అడ్రసు ఏముంది?" అన్నాడు. 127.0.0.1 అని ఉంది. "అది బయటిదెవరిదీ కాదు, నీ కంప్యూటరే. నెట్‌కి వెళ్ళేదంతా తన చేతుల మీదుగానే పోవాలని ఆ సాఫ్ట్‌వేర్ రాసి పెట్టింది. నువ్వు దాన్ని చెరిపావు కానీ ఆ రాత చెరపలేదు" అన్నాడు. అద్దెకున్నవాళ్ళు ఇల్లు ఖాళీ చేసి తాళంచెవి పట్టుకుపోయినట్టుంది!

ప్రాక్సీ మీట ఆఫ్ చేయగానే పేజీ వచ్చింది. ఆ పిల్ల ఒక్కో కాలేజీ సరిచూసుకుంటూ పెట్టి, సేవ్ నొక్కి, ప్రింటు మడిచి బ్యాగులో పెట్టుకునేదాకా నాకు ఊపిరాడలేదు.

నేను చేసిన అసలు తప్పేమిటంటే, మార్చినవన్నీ వెనక్కి పెట్టే అన్‌ఇన్‌స్టాలర్ సాధారణంగా ఆ ఫోల్డర్‌లోనే ఉంటుంది. దాన్నీ కలిపి చెరిపేశాను. ముందు ఆ సాఫ్ట్‌వేర్‌ని దాని మెనూలోంచే ఆపి మూసేయాలి. తర్వాత కంట్రోల్ ప్యానెల్‌లో 'అన్‌ఇన్‌స్టాల్' నొక్కి, కంప్యూటర్‌ని రీస్టార్ట్ చేయాలి. ఆపైన ప్రాక్సీ, బ్రౌజర్ మొదటి పేజీ, స్టార్టప్ జాబితా, కీబోర్డుల జాబితా ఓసారి చూసుకోవాలి. పొరపాటున నాలా ఫోల్డర్ చెరిపేస్తే, నమ్మకమైన సాఫ్ట్‌వేర్ అయితే మళ్ళీ వేసి పద్ధతిగా తీసేయొచ్చు. రిజిస్ట్రీ శుభ్రం చేస్తామంటూ వచ్చేవాటి జోలికి మాత్రం వెళ్ళకండి. అలాంటివాటిని వాడమని మైక్రోసాఫ్టే చెప్పదు.

తెలుగు టైపు కోసం రకరకాల కీబోర్డు సాఫ్ట్‌వేర్లు వేసుకునేవారు ఇంకో సంగతి గమనించండి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ నుంచే తెలుగు కీబోర్డు విండోస్‌లోనే ఉంది. యూనికోడ్‌లో టైపు చేయడానికి అది చాలు.

ఇప్పుడు కొత్తది ఏది వేయాలన్నా ముందు 'రిస్టోర్ పాయింట్' పెడుతున్నాను. వెనక్కి వెళ్ళినా మన ఫైళ్ళు ఎక్కడికీ పోవు. కొన్ని కంప్యూటర్లలో ఇది ఆపేసి ఉంటుంది, ముందుగా ఆన్ చేసుకోవాలి. వేసిన తేదీ, పేరు లెక్కల పుస్తకం చివరి పేజీలో రాస్తున్నాను. మా అబ్బాయి కూడా అందులో సంతకం పెట్టాకే మౌసు ముట్టుకోవాలి!