కొండ మీద వేసవి ఆలస్యము

రోళ్లు పగిలే రోహిణీ కార్తెలో రాజమండ్రి నుండి బయలుదేరి, అమెరికాలో డెన్వరు నగరములో కాపురమున్న కొడుకు ఇంటికి చేరిన ఒక పెద్దావిడను ఊహించుకొందము. జూన్ మొదటి వారములో కొడుకు, కోడలు, పన్నెండేళ్ల మనుమరాలు ఆమెను కారులో ఎక్కించుకొని రాకీ పర్వతాలలోని జాతీయ ఉద్యానవనాలు చూపడానికి బయలుదేరారు. శాలువా కూడ పెట్టెలో పెట్టుకొమ్మని కోడలు చెప్పినప్పుడు ఆమెకు నవ్వు వచ్చింది. ఎండాకాలములో శాలువా ఎందుకు?

డెన్వరు నగరమే సముద్రమట్టమునకు ఒక మైలు, అనగా సుమారు 1,609 మీటర్ల ఎత్తున ఉన్నది. తిరుమల కొండ ఎత్తుకు ఇది ఇంచుమించు రెట్టింపు. అక్కడినుండి దారి ఇంకా పైకే పోతుంది. పైకి పోయిన కొలది గాలి కిలోమీటరుకు సగటున 6.5 డిగ్రీల సెంటీగ్రేడు చొప్పున చల్లబడుతుంది. కొండ సూర్యునికి దగ్గర గదా, వెచ్చగా ఉండవద్దా అని తరగతిలో పిల్లలు అడుగుతుంటారు. సూర్యుడు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరములో ఉన్నాడు. అందులో మూడు నాలుగు కిలోమీటర్లు ఒక లెక్కలోనివి కావు. గాలిని ముఖ్యముగా వేడిచేసేది ఎండకు కాగిన నేల. వేడెక్కి పైకి లేచిన గాలి, పీడనము తక్కువైన చోట వ్యాకోచించి చల్లబడుతుంది.

మొదటి రాత్రి మకాము ఎస్టెస్ పార్క్ అనే ఊరిలో. దాని ఎత్తు 2,293 మీటర్లు. కుక్కరు ఇంటి దగ్గర మరచి వచ్చారు. పెద్దావిడ మామూలు గిన్నెలో కందిపప్పు పడవేసింది. నీరు తెర్లుతూనే ఉన్నది కాని పప్పు మెదగలేదు. పప్పు పాతదని ఆమె అనుమానించింది. తప్పు పప్పుది కాదు. నీటిపై గాలి పీడనము తగ్గితే నీరు తక్కువ వేడికే మరుగుతుంది. ఆ ఊరిలో అది సుమారు 92 డిగ్రీలకే మరుగుతుంది. ఎంత మంట పెట్టినా, మూత లేని గిన్నెలో నీరు అంతకన్న వేడెక్కదు; మంట పెంచితే నీరు త్వరగా ఇగిరిపోతుంది, అంతే. కుక్కరు చేసే పని దీనికి సరిగ్గా వ్యతిరేకము. అది ఆవిరిని బంధించి పీడనము పెంచి, నీరు 110 డిగ్రీలు దాటేదాకా మరగకుండ ఆపుతుంది. ఈ సంగతి ఈ ప్రయాణములో మరొక చోట మళ్లీ ఎదురవుతుంది.

మరునాడు ఉదయము కారు ట్రెయిల్ రిడ్జ్ దారి ఎక్కింది. 1915లో ఏర్పడిన రాకీ మౌంటెన్ జాతీయ ఉద్యానవనము మీదుగా పోయే ఈ దారి 3,713 మీటర్ల (12,183 అడుగుల) ఎత్తు దాకా లేస్తుంది. శీతకాలమంతా మూసి ఉంచి, మంచు తోసే యంత్రాలతో బాగుచేసి, సాధారణముగా మే నెల చివర తెరుస్తారు. సుమారు 3,500 మీటర్లు దాటగానే చెట్లు ఆగిపోయాయి. అక్కడినుండి పైన నేలకు అంటుకొని పెరిగే గడ్డి, నాచు, అరచేతిలో ఇమిడే పూలమొక్కలు మాత్రమే బ్రతుకుతాయి. కారులో తినడానికి తెచ్చిన చిప్సు పొట్లము బంతివలె ఉబ్బింది. దానిలో ఉన్నది కిందినుంచి వచ్చిన గాలి. దారి పక్కన మనిషి నిలువుకు మించిన మంచుగోడలు. పైన నిప్పులు చెరిగే ఎండ.

"ఎండ ఇంత కాస్తూంటే ఈ మంచు కరగదేమిరా?" అని పెద్దావిడ కొడుకును అడిగింది.

మంచి ప్రశ్న. కొత్తగా కురిసిన మంచు తనపై పడిన వెలుగులో పదింట ఎనిమిది పాళ్లకు పైగా తిప్పి కొడుతుంది; కనుక ఎండ వేడి దానికి అందేది కొద్ది. అందిన కొద్దియు కరిగించడానికే ఖర్చవుతుంది. సున్న డిగ్రీల వద్దనున్న ఒక గ్రాము మంచును అదే సున్న డిగ్రీల నీరుగా మార్చడానికి 80 కాలరీలు కావలెను. అంత వేడితో ఒక గ్రాము నీటిని సున్న నుండి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. దీనినే గుప్తోష్ణము అంటారు. ఆరేడు నెలలు పేరుకొన్న మంచు ఈ బాకీ తీర్చుకొనేసరికి జూన్, ఒక్కొక్కచోట జూలై గడచిపోతుంది.

తిప్పికొట్టిన ఆ వెలుగు కండ్లను వదలదు. ఎత్తు ఒక కిలోమీటరు పెరిగితే అతినీలలోహిత కిరణాల తీవ్రత సుమారు పదవ వంతు పెరుగుతుంది. మంచు మీద అవి కిందినుండి కూడ తగులుతాయి. మనుమరాలు తన నల్లకళ్లద్దాలు తీసి, "పెట్టుకో నాయనమ్మా" అని ఇచ్చింది. ఇది వేడుకకు చేసిన పని కాదు. అద్దాలు లేకుండ మంచు మీద రోజంతా తిరిగినవారికి ఆ రాత్రి కండ్లలో ఇసుక పోసినట్లు మంట పుడుతుంది.

శిఖరము దగ్గర నాలుగు అడుగులు వేయగానే ఆవిడకు ఆయాసము వచ్చింది. పిల్లకు తలనొప్పి. గాలిలో ప్రాణవాయువు పాలు అక్కడ కూడ నూటికి 21 వంతులే. కాని గాలి పీడనమే సముద్రతీరములోని దానిలో నూటికి 63 వంతులకు పడిపోయింది; కనుక ఒక్కొక్క శ్వాసలో అందే ప్రాణవాయువు ఆ మేరకు తగ్గింది. "అత్తయ్యగారూ, ఇక నడవవద్దు, కారులో కూర్చోండి" అని కోడలు ఆపివేసింది. ఆమె చేసినదే సరియైన పని. ఎత్తు వలన వచ్చిన బాధకు మొదటి మందు దిగడమే. ముందుగా ఒక రాత్రి నడిమి ఎత్తులో నిద్రించడము కూడ మేలు చేసింది. తలనొప్పితో వాంతులు, తూలిపోవడము, కూర్చున్నా తగ్గని ఆయాసము కలిస్తే చూస్తూ కూర్చొనరాదు. వెంటనే దింపి వైద్యునికి చూపవలెను. మధ్యాహ్నము కాకముందే దిగడానికి మరొక కారణమున్నది: వేసవి మధ్యాహ్నాలలో ఇక్కడ ఉరుములు మెరుపులు మామూలు, చెట్టు లేని మైదానములో అందరికన్న ఎత్తైనది మనిషే.

దిగేటప్పుడు కొడుకు చిన్న గేరులో నడిపాడు. నలుగురితో, సామానుతో 1,800 కిలోగ్రాముల బరువున్న కారు 1,100 మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 60 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుండి మరిగించడానికి సరిపోతుంది. అదంతా బ్రేకుల మీద పడితే అవి కాలి పట్టు తప్పుతాయి. చిన్న గేరులో ఇంజనే కారును వెనుకకు పట్టి ఉంచుతుంది.

వయోమింగు రాష్ట్రము మీదుగా ఎల్లోస్టోను చేరడానికి చాలా దూరము ప్రయాణించవలసి వచ్చింది. 1872లో ఏర్పడిన ఈ ఉద్యానవనము ప్రపంచములో మొదటి జాతీయ ఉద్యానవనమని ప్రసిద్ధి. అక్కడి ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి బుగ్గ సగటున గంటన్నరకొకసారి 32 నుండి 56 మీటర్ల ఎత్తు చిమ్ముతుంది. ఎస్టెస్ పార్కులో మెదగని పప్పు, ఇంటి దగ్గర మరచిన కుక్కరు ఇక్కడ మళ్లీ జ్ఞాపకము రావలెను. నేల పైన నీరు 93 డిగ్రీలకే మరుగుతుంది. లోతైన ఇరుకు గొట్టములో పై నీటి బరువు మూతవలె పనిచేసి, అడుగునున్న నీటిని 100 డిగ్రీలు దాటినా మరగనీయదు. కొంత నీరు పైకి పొర్లిపోగానే బరువు తగ్గుతుంది. కాగి ఉన్న అడుగు నీరు ఒక్కసారిగా ఆవిరియై మిగిలినదానినంతా ఎత్తివేస్తుంది. చుట్టూ నేల గట్టిగా కనిపించినా పెచ్చు పలుచన, కింద సలసల కాగే నీరు. ఈ ఉద్యానవనములోని వేడినీటిలో పడి ఇంతవరకు 20 మందికి పైగా చనిపోయారు. చెక్కబాట దిగి ఒక్క అడుగు పక్కకు వేయరాదు.

చివరి మజిలీ కెనడా సరిహద్దున 1910లో ఏర్పడిన గ్లేషియరు ఉద్యానవనము. 2,026 మీటర్ల ఎత్తున ఉన్న లోగాన్ కనుమ మీదుగా పోయే దారి కొరకే ఇంత దూరము వచ్చారు. గేటు మూసి ఉన్నది. ఏప్రిల్ నుండి మంచు తోస్తున్నా, ఆ దారి సాధారణముగా జూన్ రెండవ సగములోనో జూలై మొదటనో గాని తెరచుకోదు. కనుమ దగ్గర ఒక చోట గాలికి కొట్టుకొచ్చిన మంచు 24 మీటర్ల దాకా పేరుకొంటుంది.

పిల్ల ముఖము చిన్నబోయింది. కొడుకు పటము విప్పి దక్షిణముగా మరొక దారి చూపాడు. అది మరియాస్ కనుమ. 1891లోనే రైలుదారి దాని మీదుగా వేశారు. అమెరికా ఖండపు నీళ్లను తూర్పునకు, పడమరకు చీల్చే గట్టు మీదనే ఈ రెండు కనుమలూ ఉన్నవి. మరియాస్ ఎత్తు 1,589 మీటర్లు, లోగాన్ కన్న 437 మీటర్లు తక్కువ. లెక్క ప్రకారము ఇది మూడు డిగ్రీల తేడాయే. ఎత్తు ఒక్కటే కారణము కాదు. లోగాన్ దారి నిటారు కొండ అంచున చెక్కినది, మంచుపెళ్లలు విరిగిపడే చోటు. మరియాస్ వెడల్పైన లోయ. మధ్యాహ్నానికి కారు అక్కడికి చేరేసరికి దారి పక్కన పచ్చగడ్డి, పూలు. పెద్దావిడ శాలువా తీసి మడతపెట్టింది.