తాబేలుకు బండ నేర్పుదాం

మన హాస్టల్ సంచికలో కంప్యూటర్ గురించి రాయమంటే మానిటర్, మౌస్ అంటూ భాగాల పేర్లు రాయడం మామూలే. తమ్ముళ్లూ, నేను ఒక్క సంగతే రాస్తాను. మనం సొంతంగా నేర్పిన ఆజ్ఞ, కంప్యూటర్‌కు ముందే వచ్చిన ఆజ్ఞల మధ్య ఎలా నడుచుకోవాలి?

లోగో అని ఒక భాష ఉంది. 1967లో అమెరికాలో వాలీ ఫ్యూర్జిగ్, సేమూర్ పాపర్ట్, సింథియా సాలమన్ మొదలైనవాళ్లు పిల్లల కోసం తయారుచేశారు. ఆజ్ఞ కొట్టి ఎంటర్ నొక్కగానే తెర మీద తాబేలు గీత గీస్తూ కదులుతుంది. "ఫార్వర్డ్ 60" అంటే 60 అడుగులు వేస్తుంది. "రైట్ 90" అంటే కుడికి తిరుగుతుంది. "బండ" అంటే మాత్రం, బండ ఎలా చేయాలో నాకు తెలియదంటుంది. ఇంట్లో చదువు గురించి అడగడానికి ఎవరూ లేని మనలాంటివాళ్లకు, తెలియదని ఒప్పుకునే యంత్రం దొరకడం చిన్న విషయం కాదు.

తాండూరు బండ మనకు తెలుసు కదా, దానికి నేర్పుదాం.

టు బండ :పొడవు :వెడల్పు
రిపీట్ 2 [ఫార్వర్డ్ :పొడవు రైట్ 90 ఫార్వర్డ్ :వెడల్పు రైట్ 90]
ఎండ్

(కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే వాడాలి.) ఇక "బండ 60 40" అంటే బండ గీస్తుంది. "నేల" అని మరో ఆజ్ఞ రాసి, అందులో ఈ బండనే వరసగా పరచుకోవచ్చు. ఒక్క కొలతే ఇచ్చి ఊరుకుంటే, ఫార్వర్డ్‌కు అంకె ఇవ్వనప్పుడు వచ్చే హెచ్చరికే బండ పేరుతో వస్తుంది. మనం నేర్పిన మాట కదా అని దాన్ని వేరే బంతిలో కూర్చోబెట్టలేదు. నా దృష్టిలో అదే సరైన పద్ధతి. డాస్‌లో అలా కాదు. ఒక బ్యాచ్ ఫైల్‌లోంచి మన ఇంకో బ్యాచ్ ఫైల్‌ను పిలవాలంటే ముందు "కాల్" అని చేర్చాలి. మరిచిపోతే పని అటే పోతుంది, వెనక్కి రాదు.

సమానం అన్నాం కదా అని ఫార్వర్డ్ అర్థాన్నే మార్చేస్తే? బర్క్‌లీ లోగో మామూలుగా ఒప్పుకోదు. వికారాబాద్‌లో డిగ్రీ ల్యాబులో ఒక్కో కంప్యూటర్ ముందు ముగ్గురం కూర్చునేవాళ్లం. అలాంటిచోట ఈ కట్టుబాటు ఉండాల్సిందే. బండకు ఇచ్చిన పొడవు, వెడల్పు దాని పని అయ్యేదాకానే ఉంటాయి. కానీ ఆజ్ఞ లోపల "మేక్"తో కొత్త పేరు పెడితే అది బయటా మిగిలి, పక్కవాడి లెక్కలో దూరుతుంది. అందుకే ముందుగా "లోకల్" అని ప్రకటించాలి.

ఒక్క విషయంలో మాత్రం తేడా ఉంది. "సేవ్" చేయకుండా "బై" కొడితే ఫార్వర్డ్ ఎక్కడికీ పోదు, బండను మళ్లీ మొదటినుంచి నేర్పాలి.