ఆరు తీగల మీద ఏడు స్వరాలు

రాయగడలో గానీ కోరాపుట్‌లో గానీ మన తెలుగువాళ్ల పండుగ కార్యక్రమాలకు వెళ్లినప్పుడల్లా తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "మావాడు గిటార్ కావాలంటున్నాడండీ. కొనిపెడితే నేర్చుకున్న సరిగమలు కాస్తా మరిచిపోతాడేమో?" సంగీతం మాస్టారు దొరకడమే కష్టమైన ఊళ్లలో ఆ బెంగ సహజమే. కానీ గిటార్ నేర్పేవాడిగా నా జవాబు వేరు. ఆ సరిగమలే గిటార్‌కు పెట్టుబడి.

మన సంగీతంలో స్వరాలు ఒకదాని వెనుక ఒకటి నడుస్తాయి. పాశ్చాత్య సంగీతంలో కొన్ని స్వరాలు ఒకేసారి పలుకుతాయి. ఆ గుచ్ఛమే కార్డ్. స, గ, ప కలిస్తే మూడు స్వరాల కార్డ్. ఇలాగే ఒకటి వదిలి ఒకటి పట్టుకుంటూ పైకి వెళితే నిషాదం, ఆపైన పై స్థాయిలో రిషభం, మధ్యమం, ధైవతం వస్తాయి. కింది షడ్జమం నుంచి లెక్కపెడితే ఈ చివరి మూడూ 9, 11, 13వ స్వరాలు. ఇవి చేరినవే ఎక్స్‌టెండెడ్ కార్డ్‌లు. వాటిని విడివిడిగా వరుసలో మీటడం ఆర్పెజియో. దాటు వరుసలు పాడిన పిల్లలకు ఈ నడక కొత్తేమీ కాదు.

శంకరాభరణం స్వరాలతో మొదలుపెడదాం. వీణకు మెట్లు ఎలాగో గిటార్‌కు ఫ్రెట్‌లు అలాగ. షడ్జమం 5వ తీగ మీద 3వ ఫ్రెట్, గాంధారం 4వ తీగ మీద 2వ ఫ్రెట్. 3వ తీగను వట్టిగా మీటితే పంచమం, 2వ తీగను వట్టిగా మీటితే నిషాదం. అదే 2వ తీగ 3వ ఫ్రెట్ రిషభం. మధ్యమ ధైవతాలు 1వ తీగ మీద 1, 5 ఫ్రెట్‌లు. ఆ తీగ మీదే 8వ ఫ్రెట్ దగ్గర మళ్లీ షడ్జమం, రెండు స్థాయిల పైన.

నిషాద రిషభాలు ఒకే తీగ మీద ఉన్నాయి చూడండి. మధ్యమ ధైవతాలూ అంతే. అసలు ఆరు తీగల మీద ఏడు స్వరాలు ఒకేసారి మోగవు. కార్డ్‌గా వాయించేవారు సాధారణంగా ముందు పంచమాన్ని వదిలేస్తారు. చెయ్యి ఒక్కసారిగా పట్టలేని దాన్ని ఆర్పెజియో పూర్తిగా వినిపిస్తుంది.

సాధనకు తిస్రజాతి త్రిపుట తాళం పెట్టుకోండి. ఏడు అక్షరాలు, ఏడు స్వరాలు: స గ ప, ని రి, మ ద. పై షడ్జమం రెండో ఆవర్తానికి సమం మీద పడుతుంది. అక్కడినుంచి దిగండి: స ద మ, రి ని, ప గ. నిమిషానికి 60 దెబ్బల కాలం చాలు. తడబాటు పోయాకే కాలం పెంచాలి.

ఇక్కడొక తమాషా ఉంది. అంతర గాంధారం, శుద్ధ మధ్యమం వరుసగా పలికితే హాయిగా ఉంటాయి. కలిపి మోగిస్తే ఒరుసుకుంటాయి. అందుకే జాజ్ వాద్యకారులు ఇలాంటి కార్డ్‌లో తరచుగా మధ్యమాన్ని ఒక ఫ్రెట్ పెంచుతారు. అది ప్రతి మధ్యమం! 29వ మేళకర్త స్వరాలు 65వ మేళకర్త మేచకల్యాణి స్వరాలవుతాయి. కల్యాణి పాడిన పిల్ల ఆ తేడా వెంటనే పట్టేస్తుంది.

అయితే ఈ సాధనతో రాగం రాదు. కార్డ్‌లో స్వరం నిలకడగా నిలవాలి, రాగంలో గమకంతో కదలాలి. అందుకని గిటార్ వచ్చిందని గాత్రం పాఠం మానిపించకండి. వాయిద్యం పరాయిదన్న భయమూ వద్దు. వయొలిన్ పడమటినుంచి వచ్చిందే. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలలో బోధించిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో అది మనదైంది. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ (1969–2014) మాండొలిన్‌పై గమకాలు పలికించారు.

మన పిల్లలు బడిలో ఒడియా మాట్లాడి, ఇంటికొచ్చి తెలుగు మాట్లాడతారు. రెండోది వచ్చినందుకు మొదటిది పోదు. వాడకం మానితేనే పోతుంది. సంగీతమూ అంతే. గిటార్ కొనిచ్చిన రోజునుంచే ఒక నియమం పెట్టండి: వేలు మీటే ప్రతి స్వరాన్నీ నోరు పేరుపెట్టి పాడాలి.