ఎత్తు పెంచిన జీపు: ముందుచక్రముల వణకు



నలువది యేండ్లు బడిపిల్లలకు సంధులును సమాసములును చెప్పిన పంతులు జీపుబండి చక్రములనుగూర్చి ఉపన్యసించుట యేమని మీరు నవ్వవచ్చును. కాని, ఎడ్లబండ్లు నిలిచిన చావళ్ల యెదుట నేడు జీపులు నిలుచుచున్నవి. వానికి సొమ్మిచ్చువారు పెద్దలు, నడుపువారు పిల్లలు. కావున ఈ బండ్లకు వచ్చు ఒక ప్రమాదకరమైన జబ్బును పెద్దలును ఎరిగియుండవలెను.

మా తమ్ముని కుమారుడు ప్రత్తి, మిరప సేద్యము చేయుచున్నాడు. వానలు పడినచో మన నల్లరేగడి డొంకలలో ఏ బండియు కదలదని అతడు ఒక పాత జీపును కొని, కమానుకట్టలు మార్పించి దానిని రెండంగుళములు పైకెత్తించి, పెద్ద టైర్లు వేయించెను. పొలములో అది ఏనుగువలె నడచెను. మొన్న మాఘమాసమున కాయల నమూనాలు తీసికొని గుంటూరు మిరపయార్డునకు పోవుచుండగా నేనును, మా మరదలును అందు కూర్చుంటిమి. చిలకలూరిపేట దాటి పెద్దరోడ్డుపైని వేగము 70 కిలోమీటర్లకు వచ్చినది. ఒక వంతెన అతుకుమీద ఎడమచక్రము ఎగిరిపడినది. అంతే! స్టీరింగు శివమెత్తినట్లు ఊగసాగెను. ముందుభాగమంతయు విడిపోవునా యనిపించెను. "పెదనాన్నగారూ, గట్టిగా పట్టుకోండి!" అని అబ్బాయి కేకవేసెను. మా మరదలు మాట లేక నా చేయి పట్టుకొనెను. ఎదుటినుండి లారీలు వచ్చుచున్నవి.

అబ్బాయి బ్రేకు అదరిపడి త్రొక్కలేదు. స్టీరింగును త్రిప్పక బిగబట్టి, యాక్సిలరేటరు వదలి, బండిని తనంతట నెమ్మదింపనిచ్చెను. వేగము 30కి దిగినంతనే ఆ వణకు చేతితో తీసివేసినట్లు ఆగిపోయినది. ఎడమప్రక్కకు తీసి దిగి చూచితిమి. విరిగినది లేదు, ఊడినది లేదు. అదియే నాకు వింతగా తోచెను.

అంతకు ముందే ఒక పట్టణమునందలి మరమ్మతుశాలలో దానిని రెండుసార్లు చూపియుండిరట. మొదటిసారి చక్రముల తూకము సరిచేసిరి. రెండవసారి స్టీరింగు కడ్డీకి డాంపరు బిగించిరి. అది నూనె నిండిన గొట్టము; వడిగల కదలికను అడ్డగించును. నెల దినములు బండి హాయిగా నడచెను. ఆ నెల దినములే మమ్ము మోసపుచ్చినవి. ఆ నడుమ పొరుగూరివారొకరు బేరమునకు వచ్చి, నడిపి చూచి, బాగున్నదని బయానా కూడ ఇచ్చియుండిరి.

ఈ వణకు ఎట్లు పుట్టునో చెప్పెదను. బడిలో నేను పిల్లలకు ఒక వేడుక చూపుచుండెడివాడను. సైకిలు చక్రమును విప్పి, ఇరుసు రెండు కొనలను రెండు చేతుల పట్టుకొని, మరియొకనిచే వడిగా త్రిప్పించి, దానిని ప్రక్కకు వంచజూచినచో అది మన మాట వినదు. ఎడమకో కుడికో మళ్లును. మళ్లింపజూచినచో వంగును. తిరుగు చక్రమునకు అది స్వభావము. పాత జీపులకు ముందు రెండు చక్రములకును దూలమువంటి ఇరుసు ఒక్కటే. ఎడమచక్రము ఎగిరినచో ఇరుసంతయు ఒరుగును. దానితో రెండు చక్రములును ఒరిగి మళ్లును. మళ్లినవి ఇరుసును తిరిగి ఒరిగించును. కీళ్లు బిగువుగానున్న బండిలో ఈ ఊపు ఒకటి రెండు తడవలలో చచ్చిపోవును. వదులున్న బండిలో, ఉయ్యాలను సమయమెరిగి తోసినట్లు, ఒకానొక వేగము వద్ద పెరుగుచునే పోవును. కావున గతుకు గాని, తూకము తప్పిన టైరు గాని దీనికి నిప్పురవ్వ మాత్రమే. గడ్డివామి వదులుగా నున్న కీళ్లు.

ఇది నేటి జబ్బు కాదు. 1925లోనే జార్జి బ్రూలియే అను ఫ్రెంచి ఇంజనీరు దీనిని శాస్త్రీయముగా విచారించెను. ఆ దినములలో ప్రబలిన ఒక నృత్యము పేరిట దీనిని 'షిమ్మీ' యనిరి. 1934 నమూనా కార్లలో అమెరికాలోని జనరల్ మోటార్స్ వారు ముందుచక్రములను దేనికది విడిగా నూగునట్లు అమర్చుటకు ఈ వణకును వదలించుకొనుటయు ఒక కారణము. మన దేశమున పాత మహీంద్రా జీపులకును, మారుతీ జిప్సీకిని, 2023లో అమ్మకమునకు వచ్చిన జిమ్నీకిని ముందు ఒకే ఇరుసు. 2010లో వచ్చిన థారునకు చక్రములు విడివిడిగా నూగును గనుక ఈ జబ్బు ఈ రూపమున సామాన్యముగా రాదు.

మరి ఎత్తు పెంచుటవలన ఏమగును? సైకిలు ముందుఫోర్కును చూడుడు. అది నిలువుగా నుండదు. పైభాగము వెనుకకు వాలియుండును. చేతులు వదలినను సైకిలు తిన్నగా పోవుటకు అదియు ఒక కారణము. జీపుచక్రము మళ్లు కింగ్‌పిన్నునకును అట్టి వాలు కలదు. ఎత్తు పెంచునప్పుడు ఇరుసు కొంచెము ముందుకు దొర్లి ఆ వాలు తరుగును. బండి దారి పట్టి నిలువదు. వాలు మితిమీరి పెంచినను వణకునకు బలము చేకూరును. ఇదిగాక, పెద్ద టైరు బరువు ఎక్కువ. స్టీరింగు పెట్టెనుండి చక్రమునకు పోవు కడ్డీ ఏటవాలగుటచేత బండి క్రిందుమీదగునప్పుడెల్ల స్టీరింగు తనంతట లాగబడును. పూర్వము సహించిన చిన్న వదులును ఈ బండి సహింపదు. (ఒక మాట: 1988 నాటి మోటారువాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము బండి నిర్మాణమును ఇచ్చవచ్చినట్లు మార్చరాదు. మార్పించువారిలో దీనిని అడిగి తెలిసికొన్నవారు అరుదు.)

మా యూరిలో ఒక వృద్ధ మెకానిక్కు కలడు. ఒకప్పుడు నా శిష్యుడే. లెక్కలలో మాత్రము మిక్కిలి మొద్దు. అతడు బండిని చూచి పనిముట్టు తీయలేదు. "మాస్టారూ, ముందు చక్రాలు లోపల కడిగించండి" అనెను. కడిగినచో రిమ్ముల లోపల నల్లమట్టి పిడచలుగా ఎండియున్నది! తూకము అక్కడనే తప్పినది. నల్లరేగడిలో తిరుగు బండ్లకు ఇది నిత్యము జరుగునట. వెంటనే డాంపరును విప్పించెను. "ఇది ఉంటే రోగం కనపడదు" అనెను. జ్వరమాపు మాత్ర మ్రింగించి నాడి చూడరాదని వైద్యులనుటయు ఇట్టిదే.

పిమ్మట చక్రములు నేలమీదనే యుండగా నన్ను లోపల కూర్చుండబెట్టి స్టీరింగును కుడియెడమలకు కొంచెము కొంచెముగా ఆడింపుమనెను. తాను క్రింద పండుకొని ఒక్కొక్క కీలుమీద చేయి పెట్టి చూచెను. కడ్డీ కదలియు దాని చివరిది కదలకున్నచో ఆ నడిమి కీలు అరిగినదని గుర్తు. ఎడమప్రక్క టైరాడ్డు కీలు అట్లే దొరకినది. స్టీరింగు పెట్టెను చాసిసునకు బిగించిన బోల్టులను, కమానుకట్టల యు-బోల్టులను, వాని బుష్షులను కూడ చూచెను, అవి బాగున్నవి.

తరువాత జాకీతో లేపి చక్రమును మీద, క్రింద పట్టుకొని ఊపెను. కటకటమని ఆడినది. అప్పుడతడు అబ్బాయిని బ్రేకు త్రొక్కి యుంచుమనెను. బ్రేకు పట్టినప్పుడు ఆట పోయినచో తప్పు చక్రపు బేరింగుది. పోకున్నచో కింగ్‌పిన్ను బేరింగులది. ఆట పోలేదు. ఎంత సులువైన తర్కము! అన్వయవ్యతిరేకములని తర్కశాస్త్రమున మేము వల్లించినది ఇదియే గదా యని నాకు తోచెను. మొద్దని నేనన్న మాటను ఇక్కడ వెనుకకు తీసికొనుచున్నాను.

కింగ్‌పిన్ను బేరింగులు రెండుప్రక్కలను మార్చి, పలుచని రేకులతో బిగువు సరిచేసెను. టైరాడ్డును విడదీసి, ప్రత్తి తూచు స్ప్రింగుకాటా కొక్కెమును ఆ రంధ్రమునకు తగిలించి లాగి, ఎంత బలమునకు కదలునో కొలిచెను. బండి పుస్తకమున చెప్పిన కొలతకు వచ్చువరకు విడువలేదు. కమానుకట్టకును ఇరుసునకును నడుమ ఏటవాలు ఇనుపపలకలు పెట్టి, పోయిన వాలును తిరిగి తెచ్చెను. తుదకు ఎలైన్‌మెంటు చూపించి, టైర్ల తూకము మరల వేయించెను.

బేరమునకు వచ్చినవారి బయానాను ఈ లోపలనే పంపివేసితిమి. "డాంపరుతో నడుస్తున్నది గదా పెదనాన్నగారూ, వాళ్లు చూసే కొన్నారు" అని అబ్బాయి కొంత గొణిగెను. మీ అమ్మ కూర్చున్న సీటులోనే వారి అమ్మయు కూర్చుండునని నేననగా ఊరకుండెను.

డాంపరు లేకుండగనే, తెల్లవారుజామున రోడ్డుపైని రద్దీ లేని వేళ, మరల ఆ వంతెనమీదికి పోయితిమి. 50, 60, 70. అతుకు తగిలినది; స్టీరింగు ఒక్కమారు కదలి నిలిచిపోయినది. డాంపరును ఆ మరునాడు తిరిగి బిగించితిమి. మా మరదలు మాత్రము నేటివరకు ఆ బండి ఎక్కలేదు.